మిక్సీ కాదమ్మాయ్, సంగీతం!

మా యింట్లో "బాగుంది" అన్న మాటకి మూడర్థాలున్నాయి. మావారు పేపర్లోంచి తల యెత్తకుండా "బాగుంది" అంటే, కంచంలో యేముందో ఆయన చూడలేదని అర్థం. తల యెత్తి "బాగానే వుంది" అంటే ఉప్పు తక్కువైందని అర్థం. ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకుంటే, అప్పుడు, నిజంగా బాగుందని అర్థం. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో యీ నిఘంటువు నాకు కంఠతా వచ్చేసింది. అంచేత ఆయన "బాగుంది" అన్నప్పుడల్లా లోపల్లోపల నవ్వుకుంటూ వుంటాను. తీరాచేసి, నేనూ అదే మాటని యెదటివాళ్ళకి చిల్లరడబ్బుల్లా పంచిపెడుతున్నానన్న సంగతి మాత్రం యీమధ్య దాకా నాకు తట్టనే లేదు.

తట్టేలా చేసినవాడు మా సుపుత్రుడు.

వాడికి యిరవయ్యేడేళ్ళు. కంప్యూటర్ల వుద్యోగం. పగలంతా యింట్లోనే కూచుని యెవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతూ వుంటాడు. రాత్రి భోజనాలయ్యాక గది తలుపు వేసుకుని సంగీతం చేస్తాడు. "పాడతాడు" అనీ "వాయిస్తాడు" అనీ అనకుండా "చేస్తాడు" అన్నానని నా తెలుగుని శంకించకండి. అది చెయ్యడమే. ఒక లాప్‌టాప్, పాతిక మెట్లున్న చిన్న కీబోర్డు, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. తీగ లేదు, వూదే గొట్టం లేదు, చర్మం బిగించిన వాయిద్యం లేదు. తెరమీద రంగురంగుల ఇటికల్లాంటివి పేర్చుకుంటూ పోతాడు. అవే చప్పుళ్ళవుతాయి. నేను విజయవాడ సత్యనారాయణపురంలో పుట్టి, సంగీతం మాస్టార్ల యిళ్ళ మధ్య పెరిగిన దాన్ని. "దీన్ని సంగీతమంటారా?" అన్న ప్రశ్న నా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. అడగలేదు. అంతకన్న పెద్ద పొరపాటే చేశాను.

మొదటిసారి వాడు హెడ్‌ఫోన్లు నా నెత్తిన పెట్టి, అయిదు నిమిషాల పాట వినిపించి, "ఎలా వుందమ్మా?" అని అడిగాడు.

"బాగుంది నాన్నా. అన్నం తింటావా?" అన్నాను.

వాడు అన్నం తిన్నాడు. తరవాత మరో రెండు మూడు సార్లు వినిపించాడు. నేను మరో రెండు మూడు సార్లు "బాగుంది" అన్నాను. ఒకసారైతే వింటూ వింటూ మర్నాటికి పప్పు నానబోశానో లేదో అని ఆలోచిస్తున్నాను కూడా.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. మా ఆడపడుచు పిల్లాపాపలతో దిగింది. వంటింట్లో అరిసెల పాకం మీద నలుగురం నిలబడి వున్నాం. మావాడు గదిలో, యెందుకో ఆ రోజు హెడ్‌ఫోన్లు లేకుండా, స్పీకర్లలో పెట్టుకున్నాడు. గుర్రుమని ఒకటే మోత. మా ఆడపడుచు చెవి వొగ్గి, "వదినా, లోపల మిక్సీ కట్టెయ్యడం మరిచిపోయినట్టున్నారు" అంది.

"మిక్సీ కాదమ్మాయ్, మావాడి సంగీతం!" అన్నాను నేను.

ఎంత నవ్వామో! పాకం ముదిరిపోయేటంత నవ్వాం. మా ఆడపడుచు మనసులో యే దురుద్దేశమూ లేదు. నాకూ లేదు. నవ్వు ఆగేసరికి లోపలి చప్పుడు ఆగిపోయి వుంది. అంతే.

ఆ తరవాత వాడు నన్నేమీ అనలేదు. మొహం మాడ్చుకోలేదు, భోజనం మానలేదు. "ఎలా వుందమ్మా?" అని అడగడం మాత్రం మానేశాడు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు హాయిగానే వుంది. వాడు అడగడం లేదన్న సంగతి నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. తెలిశాక కూడా, "వాడే అడుగుతాడులే" అని మరో ఆర్నెల్లు గడిపేశాను.

దసరాకి ముందు యిల్లు దులుపుతుంటే గది మూల నా వీణ కనిపించింది. కనిపించడమేమిటి, అక్కడే వుంది యెప్పుడూ. నూజివీడులో చేయించిన పనస వీణ. మా నాన్నగారు నా పధ్నాలుగో యేట కొనిచ్చారు. గలేబు మీద దుమ్ము తుడుస్తూ అక్కడే చతికిలబడిపోయాను.

మా మాస్టారు నాకు యేడేళ్ళు వీణ చెప్పారు. ఆ యేడేళ్ళలో "బాగుంది" అనిగాని "బాగులేదు" అనిగాని ఆయన అన్నట్టు నాకు గుర్తు లేదు. కళ్ళు మూసుకుని వినేవారు. అయ్యాక ఒకే ఒక్క మాట చెప్పేవారు. "వేలు మెట్టుకి దూరంగా పడుతోంది, తీగ మసగ్గా పలుకుతోంది చూడు." ఆ రోజుకి అంతే. తప్పులు పది వున్నా ఒక్కటే చెప్పేవారు. మిగతా తొమ్మిదీ ఆయనకి వినిపించలేదా అంటే వినిపించకేం! అన్నీ ఒక్కసారే చెబితే పధ్నాలుగేళ్ళ పిల్ల వీణ కింద పెట్టి పారిపోతుందని ఆయనకి తెలుసు.

పెళ్ళయి కాపురానికి వచ్చిన కొత్తలో, శ్రావణ శుక్రవారం పేరంటంలో, కొత్తకోడలు వీణ వాయిస్తుందట అని అందరూ కూచోబెట్టారు. మోహన వర్ణం వాయించాను. నెల్లాళ్ళు సాధన చేశాను దానికోసం. అయిపోయాక తలెత్తి చూశాను. పెద్దావిడ ఒకరు, "బాగుందమ్మా. ఇక శనగలు పంచుదామా?" అన్నారు.

నన్నెవరూ వీణ మానెయ్యమనలేదు. అత్తగారు మంచావిడ. మావారైతే స్నేహితులకి నా వీణ సంగతి గొప్పగా చెప్పుకునేవారు కూడా. మరెందుకు ఆగిపోయిందో యిన్నేళ్ళూ నాకే సరిగా తెలీదు. పిల్లాడు, వంట, తీరిక లేకపోవడం అని చెప్పుకుంటూ వచ్చాను. ఆ రోజు దుమ్ముగుడ్డ చేతిలో పట్టుకుని కూచుంటే మాత్రం, "బాగుందమ్మా. ఇక శనగలు పంచుదామా?" అన్న మాటా, "బాగుంది నాన్నా. అన్నం తింటావా?" అన్న మాటా పక్కపక్కనే వినిపించాయి.

ఆ రాత్రి వాడి గది తలుపు కొట్టాను.

"ఒరే, కొత్తగా యేమైనా చేశావా?"

"ఎందుకమ్మా, మిక్సీ పాడైందా?" అన్నాడు వాడు.

తగలవలసిన చోటే తగిలింది. గుమ్మంలోనే నిలబడిపోయాను. వాడు కాసేపు చూసి, కుర్చీ జరిపాడు. కాని ఒక షరతు పెట్టాడు: "బాగుందనీ బాగులేదనీ చెప్పకు. వింటుంటే నీ మనసు యెక్కడ పాటని వదిలేసి వెళ్ళిపోయిందో చెప్పు, చాలు."

పాలలెక్కల పుస్తకం తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాను. తెరమీద నిమిషాలూ సెకన్లూ కనిపిస్తుంటాయి కదా, అవి చూసి రాసుకుంటూ విన్నాను. నలభయ్యో సెకను దాకా వాన వచ్చేముందు గాలిలా వుంది. నిమిషం యాభై దగ్గర విసుగు. రెండు నిమిషాల ముప్ఫై దగ్గర, యిద్దరు లావుపాటి మనుషులు ఒకే గుమ్మంలో ఒకేసారి దూరబోయి యిరుక్కున్నట్టు వుంది. ఇలాగే రాశాను. చదివి వాడు నవ్వుతాడనుకున్నాను.

వాడు నవ్వలేదు. "అదే! అక్కడేదో తేడా వుందని మూడు వారాలుగా కొట్టుకుంటున్నానమ్మా!" అన్నాడు. డోలు దెబ్బలాంటి చప్పుడొకటి, కింద గుమ్ముమంటూ సాగే స్వరమొకటి వున్నాయట. వాటిని వీళ్ళు కిక్ అనీ బాస్ అనీ అంటారు. రెండూ అడుగుస్థాయిలోనే పలుకుతాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పడి, రెండూ బురదగా వినిపిస్తాయిట. దెబ్బ పడ్డ ప్రతిసారీ బాసుని రవ్వంత తగ్గించి దారి యిప్పించాలిట. నా గుమ్మం పోలిక వాడికి నా "బాగుంది"లన్నిటికంటే యెక్కువ పనికొచ్చింది.

ఆ వుత్సాహంలో నేనాగలేదు. "నిమిషం యాభై దగ్గర ఆ గంట తీసేసి, అక్కడ కాస్త సన్నాయి పెట్టరాదూ?" అన్నాను.

"ఎక్కడ నొప్పిగా వుందో చెప్పు. మందు నేను వేసుకుంటాను" అన్నాడు వాడు.

ఈ మాట దగ్గర నేను కొంచెం నొచ్చుకున్న మాట నిజం. తరవాత ఆలోచిస్తే సబబే. పక్కింటావిడ నా పులుసు రుచి చూసి "పులుపు ముందుకొచ్చింది" అంటే నాకు వుపయోగం. "బెల్లం బదులు కొబ్బరికోరు వెయ్యండి" అందంటే, అది ఆవిడ పులుసవుతుంది గాని నాదవదు. అయినా విసుగు యెందుకొచ్చిందో మాత్రం చెప్పగలిగాను. ఒకే ముక్క పదహారుసార్లు వస్తోంది. మేమూ పల్లవి మళ్ళీ మళ్ళీ పాడతాం. కాని ప్రతిసారీ ఒక సంగతి పడుతుంది. విన్నదే వింటున్నామనిపిస్తూ, కొత్తది వింటాం. ఇది చెబితే వాడు కలం లాక్కుని నా పాలలెక్కల పుస్తకంలోనే "సంగతులు" అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

మరో రోజు నన్ను పరీక్ష పెట్టాడు. ఒకే పాటని రెండుసార్లు వినిపించి, యేది నయం అన్నాడు. "రెండోదే, సందేహం లేదు. నిండుగా వుంది" అన్నాను. రెండూ ఒకటేనట! రెండోసారి కాస్త శబ్దం పెంచాడంతే. గట్టిగా వినిపించేది మనకి మెరుగైనట్టు తోస్తుందిట. అందుకని రెంటినీ పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టుకోవాలిట. మా బంధువుల్లో గట్టిగా మాట్లాడేవాళ్ళ మాటే యెందుకు చెల్లుతుందో ఆ రోజు అర్థమైంది. ఫోన్లో పెట్టుకుని వింటాననీ అననిచ్చేవాడు కాదు. అంత చిన్న స్పీకరులో కింది స్వరాలు పలకవు, లేనిదాన్ని విని యేం చెబుతావంటాడు.

ఒక్కచోట మాత్రం యిద్దరం చిన్నబోయాం. మూడు నిమిషాల దగ్గర వెండిపొడి జల్లినట్టు పైన ఒక మెరుపు పెట్టానమ్మా, మూడు రాత్రులు పట్టింది, యెలా వుందన్నాడు. ఎంత చెవులు రిక్కించినా నాకేమీ వినిపించలేదు. మళ్ళీ వేశాడు. లేదు. "విన్నాను, బాగుంది" అనేద్దామా అని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. మానుకుని, "నాకు వినపడలేదురా" అన్నాను. వాడు సన్నటి కూతలాంటి స్వరాన్ని పైపైకి పెంచుకుంటూ పోయాడు. పన్నెండు వేల హెర్ట్జ్‌ల దగ్గర నా చెవికి అంతా నిశ్శబ్దం. వాడికి పదిహేడు వేల దాకా వినిపించింది. వయసు పెరిగేకొద్దీ పై స్వరాలే ముందు పోతాయిట, ఇది అందరికీ మామూలేనట. మావారిని కూచోబెడితే ఆయన యెనిమిది వేల దగ్గరే చెయ్యెత్తేశారు. కుక్కరు కూత వినపడలేదని ఆయన చెప్పే సాకు మాత్రం యీ లెక్కలో చెల్లదుట. అది అంత పైన వుండదు.

మావాడు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆ మెరుపుని ఒక స్థాయి కిందికి దింపాడు. "నీకు వినపడని పాట నీకెలా వినిపించాను యిన్నాళ్ళూ!" అన్నాడు. నేను స్టవ్వు వైపు తిరిగి పాలు పొంగుతున్నాయేమో చూశాను. పొంగడం లేదు.

అప్పటినుంచి రాత్రి పదింటికి కాఫీ కలుపుకుని కబుర్లు మొదలయ్యాయి మాకు. "మీ ఎలక్ట్రానిక్ సంగీతం నాకు కొత్త కదరా" అంటే వాడు పడీ పడీ నవ్వి, "పూజగదిలో రోజూ మోగేదేమిటమ్మా?" అన్నాడు. నిజమే సుమండీ! బెంగుళూరులో ఇంజనీరూ, వేణు విద్వాంసుడూ అయిన రాజ్‌నారాయణ్ గారు 1979లోనే ఎలక్ట్రానిక్ తంబూరా తయారు చేశారు. తరవాత అది యింటింటికీ వచ్చేసింది. మా మాస్టారు మొదట్లో దాన్ని "కరెంటు తంబూరా" అని యీసడించి, ఆఖరికి మా అందరికంటే ముందు తనే కొనుక్కున్నారు. ఆ పెట్టె మీటలు తిప్పుతూ యిన్నేళ్ళూ శ్లోకాలు చదువుకున్న నేను మావాడి పెట్టెని చూసి మూతి ముడిచానన్నమాట.

క్లారా రాక్‌మోర్ కథ కూడా వాడే చెప్పాడు. థెరెమిన్ అని రష్యాలో 1920 ప్రాంతంలో పుట్టిన వాయిద్యం. చేత్తో ముట్టుకోకుండా, గాలిలో చేతులు కదిపి పలికిస్తారు. కనిపెట్టినాయన పేరే దానికీ పెట్టారు. రాక్‌మోర్ చిన్నప్పటినుంచీ వయొలిన్ నేర్చిన మనిషి. చెయ్యి సహకరించక వయొలిన్ వదిలెయ్యవలసి వచ్చింది. ఈ కొత్త వాయిద్యం చేతబట్టి, ఆహా అద్భుతం అని వూరుకోలేదు. మూడు స్థాయిలు నాకు చాలవు, అయిదు కావాలి, నా చెయ్యి కదిలినంత వేగంగా యిది పలకాలి అని ఆ కనిపెట్టినాయనకే చెప్పింది. ఆయన విని ఆమెకోసం అలాగే తయారు చేసి యిచ్చాడు. మెచ్చుకుని వూరుకుని వుంటే ఆమె చేతిలో అది అలా పలికేదే కాదు.

చరణ్‌జిత్ సింగ్ కథ యిందుకు తిరకాసు. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసినాయన. 1982లో సింథసైజర్ల మీద పది రాగాలు డిస్కో దరువుకి కట్టి రికార్డు వేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక విదేశాల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన 2015లో పోయారు. మధ్యన ఆ యిరవై యెనిమిదేళ్ళూ ఆయనకెలా గడిచాయో అని నేను ఆలోచిస్తుంటే, "నీ కాఫీ చల్లారిపోతోందమ్మా" అన్నాడు వాడు.

"మరి మీ స్నేహితులేమంటారురా నీ పాటలు విని?" అని అడిగాను.

"ఒకడు అదరగొట్టావంటాడు. ఇంకొకడు నిప్పు బొమ్మ పంపిస్తాడు."

అంటే వీళ్ళ తరం "బాగుంది" అన్నమాట.

ఇంతవరకూ చెప్పింది చదివి, యీవిడ యెంత యెదిగిపోయిందో అనుకుంటున్నారేమో. ఆగండి. మావాడు తన పాటలోకి వీణ కావాలన్నాడు. మేళం ఎప్పుడో చెడిపోయింది. నూజివీడునుంచి మనిషిని పిలిపించి, పాత మైనం తీయించి మెట్లు మళ్ళీ కట్టించాం. తీగలు మార్పించాం. నెల్లాళ్ళు యెవరూ లేనప్పుడు వేళ్ళు కాయలు కాసేలా సాధన చేసి, అదే మోహన వర్ణం రికార్డు చెయ్యమన్నాను. అయిపోయింది. వాడు హెడ్‌ఫోన్లు తీశాడు.

"ఎలా వుందిరా?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు గొంతు యెలా వుంటుందో అప్పుడు తెలిసింది నాకు.

"నిమిషం పన్నెండు దగ్గర పరిగెడుతున్నావమ్మా. కష్టమైన చోటు వస్తోందని తెలియగానే తొందరగా దాటెయ్యాలని చూస్తున్నావు."

ఎన్ని సాకులు చెప్పానో వినండి. కొత్త తీగలన్నాను. చలికి వేళ్ళు బిగుసుకున్నాయన్నాను. వర్ణం అలాగే వాయిస్తారన్నాను. నీకేం తెలుసు వీణ సంగతి అన్నాను. వాడు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. నేను లేచి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ చప్పుడయ్యేలా తోమాను. మావారు తల యెత్తి చూసి, ఏమీ అనకుండా పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండింటికి లేచి, వాడు పడుకున్నాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నిమిషం పన్నెండు. మళ్ళీ విన్నాను. 1981లో మా మాస్టారు, సరిగ్గా ఆ ముక్క దగ్గరే, "ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?" అని అడిగారు. నేనప్పుడూ యేడ్చి యింటికి వచ్చేశాను.

పొద్దున్నే కాఫీ యిస్తూ, "మళ్ళీ రికార్డు చేద్దాం" అన్నాను. వాడు "సరే" అన్నాడు. పదకొండు సార్లు చేశాం. ఎనిమిదోది పెట్టుకున్నాడు.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది, మా ఆడపడుచూ వచ్చింది. అరిసెలు ముందే చేసి వుంచాను, పాకం మీద నవ్వులాటకి చోటివ్వదలచుకోలేదు. మావాడు హాల్లో స్పీకర్లు పెట్టి పాట వేశాడు. నా వీణా, వాడి గుర్రూ కలిసి అయిదున్నర నిమిషాలు. ఆవిడ చెయ్యి బుగ్గన పెట్టుకుని ఆఖరిదాకా వింది. అయ్యాక "బాగుం..." అని మొదలుపెట్టి, మా యిద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది.

"ఏమనుకోకు వదినా" అంది కాసేపటికి. "వీణ ఆగిపోయాక చివర్లో ఆ మిక్సీ మరీ యెక్కువసేపు తిరిగింది."

నేను మావాడి వైపు చూశాను. వాడు నవ్వలేదు. పాలలెక్కల పుస్తకం తీసి, కలం మూత విప్పి, ఆవిడ పక్కన కూచున్నాడు.

"ఎన్నో నిమిషం దగ్గరనుంచి అత్తా?"